"మెయిల్ పెట్టండి మేడమ్, చేస్తాను" అనే పిల్లలతో పని చేయించడం ఎలా?

ప్రశ్న: నేను గోదావరి జిల్లాల్లో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో బ్రాంచి మేనేజర్‌ని. వయసు 53. 1998లో బీఎస్ఆర్‌బీ (అప్పటి బ్యాంకు ఉద్యోగాల నియామక బోర్డు) పరీక్ష రాసి క్లర్కుగా చేరాను, ప్రమోషన్ల మీద ఇక్కడిదాకా వచ్చాను. నేనూ, వచ్చే ఏడాది రిటైరయ్యే ఒక పెద్దాయనా తప్ప బ్రాంచిలో మిగతా నలుగురూ ముప్పై లోపు పిల్లలే. ఐదున్నరకి బ్యాగులు సర్దేస్తారు. ఆరు దాటితే ఫోన్ ఎత్తరు. ఏది చెప్పినా "ఎందుకు మేడమ్?" అంటారు. బీహార్ నుంచి వచ్చిన పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) కుర్రాడు ఒక ఖాతా విషయంలో నేను నోటితో చెప్పిన పనికి "మెయిల్ పెట్టండి మేడమ్, చేస్తాను" అన్నాడు. క్యాష్ తాళాలున్న అమ్మాయి ఓ రోజు ఉదయం తొమ్మిదింటికి "ఒంట్లో బాలేదు, లీవ్" అని వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంది, ఆ రోజు పదకొండు దాకా క్యాష్ తీయలేకపోయాం. కౌంటర్‌లో ఉన్న కుర్రాడు గ్రూప్ 1కి చదువుతూ, పరీక్ష రాయడానికి బ్యాంకుకు అభ్యంతరం లేదనే ఎన్ఓసీ అడుగుతున్నాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్ డబ్బు తీసుకోవడానికి వచ్చిన ఒక పెద్దావిడకు ఇన్సూరెన్స్ పాలసీ గురించి చెప్పమని ఫీల్డ్ ఆఫీసర్ అమ్మాయి దగ్గరకు పంపితే, "మీకిది అవసరం లేదు మామ్మగారూ" అని చెప్పి పంపేసింది. అందరి ముందూ కేకలేశాను. అప్పటి నుంచి నలుగురూ పనికి మించి ఒక్క మాట మాట్లాడరు. యువత వారానికి 70 గంటలు పని చేయాలని నారాయణమూర్తి గారు అన్న వార్త గ్రూప్‌లో పెడితే ఒక్కరూ పలకలేదు. మా అమ్మాయిది వీళ్ళ వయసే, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. తనతో అన్నీ మాట్లాడగలను, వీళ్ళతో మాట్లాడలేకపోతున్నాను. గట్టిగా ఉండాలా, చూసీ చూడనట్టు పోవాలా? ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని వెళ్ళిపోవాలనిపిస్తోంది.

సమాధానం:

మేడమ్ గారూ, ముందు ఆ ట్రాన్స్‌ఫర్ ఆలోచన పక్కన పెట్టండి. ఏ బ్రాంచికి వెళ్ళినా వీళ్ళే ఉంటారు. పేర్లు మారతాయి, వయసులు మారవు. దానికి కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే మీ కోపం సగం దిగుతుందని నా నమ్మకం, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

2000-01లో బ్యాంకుల్లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) పెట్టినప్పుడు దాదాపు లక్ష మంది బయటికి వెళ్ళిపోయారు. మీరు పరీక్ష రాసిన బీఎస్ఆర్‌బీలను 2001లో ఎత్తేశారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో కొత్త రక్తం చుక్కలు చుక్కలుగానే వచ్చింది. 2011లో ఐబీపీఎస్ అనే సంస్థ పెట్టే ఉమ్మడి పరీక్షలు మొదలయ్యాకే మళ్ళీ ఏటా వేలల్లో పిల్లలు రావడం మొదలైంది. అంటే మీకూ వీళ్ళకూ మధ్య ఉండాల్సిన వాళ్ళు, నలభైల్లో ఉండే అన్నయ్యలు అక్కయ్యలు, చాలా బ్రాంచిల్లో లేనే లేరు. ఒక ఇంట్లో తాతమ్మ ఉండి, మునిమనవలు ఉండి, మధ్యలో అమ్మా నాన్నా లేకపోతే ఎలా ఉంటుందో మీ బ్రాంచి అలా ఉంది. ఇందులో మీ తప్పు లేదు, వాళ్ళ తప్పూ లేదు.

మీరు చేరినప్పుడు మీకు పని ఎవరు నేర్పారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ట్రైనింగ్ సెంటర్ కాదు. పక్క సీటాయన. సాయంత్రం క్యాష్ తేడా వస్తే ఆ తేడాని తొమ్మిదితో భాగించి చూడమని, శేషం రాకపోతే ఎక్కడో అంకెలు తారుమారు రాసి ఉంటారని, 540 బదులు 450 పడి ఉంటుందని మీకు చెప్పింది ఎవరో ఒక హెడ్ క్యాషియర్ అయ్యుంటారు. ఏ ఖాతాదారుడికి ఎంత మర్యాద ఇవ్వాలో, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో, ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వస్తే ఏ రిజిస్టర్ ముందు అడుగుతారో, ఇవన్నీ టీ తాగుతూ విన్నవే కదా. ఈ పిల్లలకు ఆ పక్క సీటు లేదు. కొద్ది వారాల ట్రైనింగ్, ఆ వెంటనే కౌంటర్, కౌంటర్ ముందు యాభై మంది జనం. సందేహం వస్తే దేశమంతా చెల్లాచెదురుగా ఉన్న తమ బ్యాచ్ వాళ్ళ గ్రూప్‌లో అడుగుతారు, అక్కడ చెప్పేవాడికీ తెలిసింది అంతే. కొన్నాళ్ళు కొత్త ఆఫీసర్లకు క్లాసులు చెప్పాను కాబట్టి ఈ మాట గట్టిగా అనగలను: వాళ్ళు "ఎందుకు" అని అడిగేది మిమ్మల్ని ధిక్కరించడానికి కాదు. చాలాసార్లు నిజంగానే తెలియక అడుగుతారు. తెలిసి అడిగినప్పుడు కూడా, చేసే పనికి అర్థం ఉందా లేదా అని చూసుకోవడానికి అడుగుతారు.

అందుకే ఆ ప్రశ్నకు చిరాకు పడకుండా ఒక్కసారి జవాబు చెప్పి చూడండి. పంట రుణాల రెన్యువల్‌నే తీసుకోండి. రీజనల్ ఆఫీసు నుంచి లిస్ట్ వస్తుంది, మీరు దాన్ని ఫీల్డ్ ఆఫీసర్ అమ్మాయికి ఫార్వర్డ్ చేసి "ఈ వారంలో నలభై అవ్వాలి" అంటారు. ఆ అమ్మాయికి అది ఒక అంకె, అంతే. అదే మీరు కూర్చోబెట్టి ఇలా చెప్పారనుకోండి: కిసాన్ క్రెడిట్ కార్డు మీద మూడు లక్షల లోపు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే కేంద్రం ఇంకో 3 శాతం రాయితీ ఇస్తుంది, అంటే రైతుకు పడేది 4 శాతమే. రెండు లక్షలు తీసుకున్న రైతు గడువు దాటించాడంటే ఏడాదికి ఆరు వేలు పోగొట్టుకున్నట్టు. మనం ఫోన్ చేయకపోవడం వల్ల, ఆయనకు తేదీ గుర్తు లేకపోవడం వల్ల ఆ ఆరు వేలు పోతాయి. ఇది విన్న తర్వాత ఆ అమ్మాయి చేసే ఫోన్ వేరేగా ఉంటుంది. మండు వేసవిలో ఆ లిస్ట్ పట్టుకుని ఊళ్ళోకి తనే వెళ్ళినా నేను ఆశ్చర్యపోను. పని అదే, లిస్ట్ అదే, టార్గెట్ కూడా అదే.

ఇంకో విషయం ఉంది, మన తరం దీన్ని ఒప్పుకోవడానికి మొహమాటపడుతుంది. మీకూ బ్యాంకుకూ మధ్య ఉన్న ఒప్పందం వీళ్ళకు లేదు. మీరు 1998లో చేరారు, మీకు పెన్షన్ ఉంది. 2010 ఏప్రిల్ 1 తర్వాత చేరిన వాళ్ళందరికీ ఎన్‌పీఎస్ అనే వేరే పెన్షన్ పద్ధతి, అంటే తమ జీతంలోంచి కొంత, బ్యాంకు వేసేది కొంత, మార్కెట్ ఎంతిస్తే అంత. మీ కుర్రాడు పీఓ గనక ఈ మూడేళ్ళు ఇక్కడ, తర్వాత ఏ గుజరాత్‌లోనో అస్సాంలోనో. మీకు ఎన్ని అర్ధరాత్రులు ఎదురైనా "పోనీలే, బ్యాంకు చివర్లో చూసుకుంటుంది" అన్న ధీమా వెనకాల ఉండేది. ఆ ధీమా లేనివాళ్ళను మీలాగే ఉండమనడం న్యాయం కాదు. పైగా వీళ్ళు స్కూల్లోనో కాలేజీలోనో ఉండగానే 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ బోర్డు దిగింది, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు పేరే ఉంటుందో ఉండదో తెలియనప్పుడు బ్యాంకు మీద విధేయత ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని అడగకండి. పని మీద శ్రద్ధ అడగండి. అది అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది, ఇచ్చే మనసు వాళ్ళలో చాలామందికి ఉంది.

ఇప్పుడు ఆ "మెయిల్ పెట్టండి" కుర్రాడి సంగతి. మీకు తల కొట్టేసినట్టయిందని మీ ఉత్తరంలో తెలుస్తూనే ఉంది. కానీ మేడమ్, ఆ కుర్రాడు చెప్పింది రూలే. ప్రభుత్వ రంగ బ్యాంకుల ఆఫీసర్లకు 1976 నుంచి ఉన్న ప్రవర్తనా నియమాలు ఒకసారి తీసి చదవండి. పై అధికారి ఇచ్చే ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా ఉండాలని, తప్పనిసరై నోటితో చెబితే ఆ వెంటనే రాతలో ధ్రువీకరించాలని అందులోనే ఉంది. ఇది ఈ తరం కనిపెట్టింది కాదు, వీళ్ళు పుట్టకముందే ఉంది. మన తరం ఒకరి మీద ఒకరం నమ్మకంతో నోటిమాట మీద లాక్కొచ్చాం, అలా లాక్కొచ్చిన వాళ్ళలో ఎంతమంది రిటైర్మెంట్‌కు నెలల ముందు చార్జిషీట్ అందుకుని, "అప్పట్లో మేనేజర్ గారే చెప్పారండీ" అని ఎంక్వయిరీ ఆఫీసర్ ముందు కూర్చున్నారో మీకు తెలియనిది కాదు. ఎంక్వయిరీలో నోటిమాట నిలబడదు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, రెండేళ్ళ ప్రొబేషన్‌లో ఉన్నవాడు, భాష రాని ఊళ్ళో ఉన్నవాడు, తన ఉద్యోగం కాపాడుకుంటున్నాడు. అలా చేయడం వల్ల మిమ్మల్ని కూడా కాపాడుతున్నాడు.

కాబట్టి మెయిల్ పెట్టండి, రెండు లైన్లే కదా. రాతలో పెట్టలేని పని ఏదైనా ఉందా, అది చెప్పడం మానేయండి. పాస్‌వర్డ్ సంగతీ అంతే: "నా ఐడీలో నువ్వే ఆథరైజ్ చేసెయ్ బాబూ, నేను కస్టమర్‌తో ఉన్నాను" అనే అలవాటు మీ బ్రాంచిలో ఉంటే రేపే ఆపండి. ఎంట్రీ వేసేవాళ్ళు ఒకరు, పాస్ చేసేవాళ్ళు ఒకరు అని పెట్టిందే ఒకరి పొరపాటు ఇంకొకరి కంట పడాలని. మీరే ఆ గీత దాటితే తర్వాత మీరు గీసే ఏ గీతనూ వాళ్ళు లెక్కచేయరు.

అదే కుర్రాడికి తెలుగు రాదు, కస్టమర్లతో కలవడు అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. రాకపోతే నేర్పండి. మన తెలుగు పిల్లలు పట్నాలోనూ సూరత్‌లోనూ కౌంటర్ల మీద ఎన్ని తిప్పలు పడుతున్నారో అడిగి చూడండి. కౌంటర్‌కి కావలసిన తెలుగు మహా అయితే ఓ ముప్పై మాటలు: ఎంత వేయాలండి, ఇక్కడ సంతకం పెట్టండి, ఆధార్ జెరాక్స్ తెచ్చారా, రేపు రండి, కూర్చోండి అమ్మా. వాటిని హిందీ లిపిలో ఒక కాగితం మీద రాయించి కౌంటర్ అద్దం వెనక అంటించండి. డ్వాక్రా గ్రూపుల వాళ్ళు వచ్చే రోజు మీ పక్కన కూర్చోబెట్టుకోండి. గ్రూపులోని ఆడవాళ్ళు ఎవరికైనా పది నిమిషాల్లో మాటలు నేర్పేస్తారు, నవ్వుతూ నేర్పుతారు. సంక్రాంతికి తనకు సెలవు ఉన్నా ఇంటికి పోవడానికి రెండు రోజుల రైలు ప్రయాణం, ఎక్కడ తింటున్నాడో కూడా ఒకసారి కనుక్కోండి. ఇది నాయకత్వ పాఠాల్లో ఉండదు గానీ, మన వైపు ఇంటికి దూరంగా ఉన్న పిల్లాణ్ణి "తిన్నావా బాబూ" అని అడగకపోతేనే తప్పు.

ఇక పెద్దావిడ ఇన్సూరెన్స్ సంగతి. మొత్తం ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది ఇదే, అందుకని కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఆ అమ్మాయి చేసింది సరైన పని. ఫిక్స్‌డ్ డిపాజిట్ డబ్బు కోసం వచ్చిన వయసు మళ్ళిన ఆవిడకు ఏటా ప్రీమియం కట్టాల్సిన పాలసీ అంటగడితే మూడో ఏడు ఆవిడ కట్టలేదు, కట్టనందుకు కొంత పోగొట్టుకుంటుంది, మన బ్యాంకు బోర్డు చూసి నమ్మినందుకు పోగొట్టుకుంటుంది. అప్పటికి మీరూ ఉండరు, ఆ అమ్మాయీ ఉండదు, తిట్లు తినేది ఆ కౌంటర్‌లో కూర్చున్న ఇంకో పిల్ల. బ్యాంకులు ఇలా అవసరం లేని పాలసీలు అమ్మడం గురించి ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారే 2024లో బ్యాంకర్ల ముందు హెచ్చరించారు. మీకు పైనుంచి టార్గెట్ ఉందని నాకు తెలుసు. ఆ వారం వీడియో కాన్ఫరెన్స్‌లో మీ బ్రాంచి పేరు చదివి నిలబెట్టి ఉంటారని కూడా ఊహించగలను. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే దుత్త పగులుతుంది, అత్తకేం కాదు.

దీనికి ఒక్కటే మందు. మీరు అందరి ముందూ అన్నారు కాబట్టి అందరి ముందే సరిచేయాలి. కేబిన్‌లోకి పిలిచి చెవిలో చెబితే చాలదు. ఉదయం తొమ్మిదీ ముప్పావుకి, తలుపులు తెరిచేముందు, నలుగురూ ఉన్నప్పుడు చెప్పండి: "ఆ రోజు ఆ మామ్మగారికి నువ్వు చెప్పిందే కరెక్టమ్మా, నేను అలా కేకలేయకూడదు. మన బ్రాంచిలో ఎవరికీ అవసరం లేనిది అమ్మొద్దు. అవసరం ఉన్నవాళ్ళను వెతుకుదాం." అంతే, వివరణలు వద్దు, "కానీ నా పరిస్థితి కూడా అర్థం చేసుకోండి" అన్న తోక అసలే వద్దు. మీరు చిన్నబోతారేమో అని భయం అక్కర్లేదు. ఈ తరం పిల్లలు తప్పు ఒప్పుకున్న పెద్దవాళ్ళను తక్కువ చేసి చూడరు, ఒప్పుకోని వాళ్ళకు మాత్రం తలుపు వేసేస్తారు, మీకిప్పుడు జరుగుతున్నది అదే. ఆ తర్వాత నిజంగా ఇన్సూరెన్స్ కావలసిన వాళ్ళు మీ ఖాతాదారుల్లోనే దొరుకుతారు: హౌసింగ్ లోన్ తీసుకుని ఇద్దరు చిన్నపిల్లలున్న టీచరు, ఒక్కడి సంపాదన మీద ఇల్లు నడుస్తున్న లారీ ఓనరు. వాళ్ళ లిస్ట్ తయారు చేయమని ఆ అమ్మాయికే ఇవ్వండి. వద్దని చెప్పగలిగిన మనిషే కావాలని నమ్మించగలదు.

టైమ్ గురించి. ఇక్కడ మీరు అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. క్లర్కు అనే పేరు పోయి 2024 జీతాల ఒప్పందంతో కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అయ్యారు గానీ, వాళ్ళ పని గంటలు గంటలే. మించి ఉంచితే ఓవర్‌టైమ్ ఇవ్వాలి. అది మీరు క్లర్కుగా ఉన్న రోజుల్లో మీ యూనియన్ కొట్లాడి నిలబెట్టుకున్నదే కదా. క్యాష్ టాలీ అయి తాళం పడ్డాక ఆ పిల్లలు ఐదున్నరకి వెళ్ళడం తప్పు కాదు, అసలు దాన్ని తప్పుగా లెక్కేయడం మానండి. ఆఫీసర్లకు గంటలు రాసి లేవు, నిజమే, అయితే రాసి లేనంత మాత్రాన అంతు లేకుండా కూర్చోబెట్టమని కాదు. మీ అమ్మాయి హైదరాబాద్‌లో రాత్రి పదింటికి కూడా ఆఫీసులోనే ఉంటే ఫోన్ చేసి ఏమంటారు? "ఆ మేనేజర్‌కి బుద్ధి లేదా, ఆడపిల్లను ఇంతసేపు ఉంచుతాడా" అంటారు. మీ బ్రాంచిలో ఆ ఫీల్డ్ ఆఫీసర్ అమ్మాయి వాళ్ళమ్మ కూడా ఏ అనంతపురంలోనో కూర్చుని మీ గురించి అదే అంటూ ఉంటుంది. నారాయణమూర్తి గారి మాట మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. కంపెనీ పెట్టి, అందులో వాటా ఉన్నవాళ్ళ కష్టం వేరు. నెల జీతం మీద ఉన్నవాళ్ళ గ్రూప్‌లో దాన్ని మేనేజర్ పెడితే అది వార్తలా కనబడదు, ఆర్డరులా కనబడుతుంది. ఆ గ్రూప్‌లో ఇక వార్తలు, సూక్తులు, శుభోదయాలు ఏవీ పెట్టకండి. పని సంగతులు, అదీ ఆఫీసు వేళల్లో. రాత్రి గుర్తొస్తే మీ డైరీలో రాసుకుని పొద్దున చెప్పండి. నిజంగా నిప్పంటుకునే పని ఉంటే మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. నెలకు ఒక్కసారే ఫోన్ చేసే మేనేజర్ ఫోన్ ఎవరైనా ఎత్తుతారు.

ఆలస్యంగా ఉండాల్సిన రోజులు బ్యాంకులో నిజంగానే ఉంటాయి. మార్చి 31 ఉంటుంది, ఆడిట్ ఉంటుంది, సిస్టమ్ మొండికేసిన సాయంత్రాలు ఉంటాయి. అవి ముందే చెప్పండి, ఎందుకో చెప్పండి, అయ్యాక ఇంకో రోజు త్వరగా పంపండి. అలా చెప్పినప్పుడు ఈ పిల్లలు పన్నెండింటిదాకా కూర్చుని ఎక్సెల్‌లో మనం మూడు రోజులు చేసే పని మూడు గంటల్లో చేసి పెడతారు. వాళ్ళకు ఒళ్ళు మండేది, మధ్యాహ్నమంతా ఊరుకుని సాయంత్రం ఐదూ ఇరవైకి "ఒక చిన్న పని" అని మొదలుపెడితేనే.

ఇప్పటిదాకా వాళ్ళ వైపు మాట్లాడాను. క్యాష్ తాళాల విషయంలో మాత్రం పూర్తిగా మీ వైపే. అక్కడ గట్టిగా ఉండాలి, ఎంత గట్టిగా అంటే రెండోసారి ఆ మాట ఎత్తాల్సిన అవసరం రానంత. ఒంట్లో బాలేకపోవడం తప్పు కాదు, మెసేజ్ పెట్టడం కూడా తప్పు కాదు. తాళం ఇంట్లో పెట్టుకుని మెసేజ్ పెట్టి పడుకోవడం తప్పు. ఆ రోజు పదకొండు దాకా నిలబడ్డ వాళ్ళలో ఆసుపత్రిలో కట్టాల్సిన డబ్బు కోసం వచ్చినవాళ్ళు ఉండొచ్చు, ఉపాధి హామీ కూలి డబ్బు కోసం పని మానుకుని వచ్చినవాళ్ళు ఉండొచ్చు. కేబిన్‌లో కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా, ఆ అమ్మాయికి ఇదే చెప్పండి: "నీకు బాలేదు, లీవ్ నీ హక్కు, దాని గురించి నేనడగను. తాళం మాత్రం నీది కాదు, ఊరందరిది. ఇకమీదట తాళం నీ దగ్గరుండగా రాలేకపోతే, నాకు ఫోన్ చేయాలి, రాత్రి ఎంతైనా పర్వాలేదు. మన వాళ్ళు వచ్చి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి తీసుకుంటారు." చెప్పాక ఆ అమ్మాయి చెప్పేది కూడా వినండి. ఫోన్ చేస్తే మీరు తిడతారనే మెసేజ్‌తో సరిపెట్టిందని తేలినా తేలొచ్చు.

అక్కడితో ఆగకుండా, ఆ సీటుకు ఇంకొకరిని తయారు చేయండి. ఒక్క మనిషి రాకపోతే బ్రాంచి తెరవలేని పరిస్థితి ఉందంటే అది ఆ మనిషి తప్పు మాత్రమే కాదు, ఏర్పాటులో లోపం. రిజర్వ్ బ్యాంకు 2021లో, కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళను ఏటా కనీసం 10 పని దినాలు ఒకేసారి, ముందుగా చెప్పకుండా లీవ్‌లో పంపాలని చెప్పింది. మోసాలు బయటపడడానికి పెట్టిన నియమం అది. దాని వెనక ఉన్న ఆలోచన మీకు ఇక్కడా పనికొస్తుంది: ఎవరు లేకపోయినా పని నడిచేలా ఉండాలి. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే ఆ పెద్దాయన ఉన్నారు కదా, ఆయన దగ్గర ముప్పై ఏళ్ళ పని ఉంది. ఆయన్ని రోజూ కౌంటర్ మీద అరగదీయకుండా, వారానికి రెండు పూటలు ఈ పిల్లల పక్కన కూర్చోబెట్టండి. క్యాష్ ఒకరికి, లాకర్లు ఒకరికి, పాత లోన్ డాక్యుమెంట్లు ఒకరికి. నేను మొదట చెప్పిన ఆ పక్క సీటు మీ బ్రాంచిలో ఇంకా ఒక్కటి మిగిలి ఉంది, ఆయన వెళ్ళేలోపు వాడుకోండి. ఆయనకూ సంతోషంగా ఉంటుంది, చివరి ఏడాదిలో మనిషిని ఎవరూ పట్టించుకోరు.

గ్రూప్ 1 కుర్రాడి ఎన్ఓసీ ఆపకండి. వెళ్ళిపోయేవాడికి పని నేర్పడం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. ఎన్ఓసీ ఆపినంత మాత్రాన ఉండిపోడు, ఉన్నన్నాళ్ళూ మనసు లేకుండా ఉంటాడు, అంతే తేడా. దరఖాస్తు వచ్చిన రోజే పైకి పంపి, "కౌంటర్‌లో పుస్తకం తెరవొద్దు, మూడున్నర దాకా నీ కళ్ళు కస్టమర్ మీదే ఉండాలి, సాయంత్రం నీ చదువు నీది" అని చెప్పండి. రేపు ఆ కుర్రాడు ఏ ఆర్డీఓ గానో కూర్చుంటే డ్వాక్రా రుణం, పంట రుణం ఎలా నడుస్తాయో మీ బ్రాంచిలో నేర్చుకుని వెళ్ళినవాడే అవుతాడు. పరీక్ష దగ్గరపడ్డాక పది రోజుల లీవ్ అడుగుతాడు, దానికి ఇప్పుడే మనసు సిద్ధం చేసుకుని సీటు ఏర్పాటు చూసుకోండి.

ఒక చిన్న అలవాటు చెబుతాను. మొదటి, మూడో శనివారాలు మధ్యాహ్నం మూడున్నర దాటాక జనం పలచబడతారు. ఆ పూట ఒక్కొక్కరితో పది నిమిషాలు విడిగా కూర్చోండి. ఈ పదిహేను రోజుల్లో బాగా చేసింది ఒకటి, మార్చుకోవాల్సింది ఒకటి మీరు చెప్పండి. పనిలో తనకు అడ్డుపడుతున్నది ఒకటి తనని చెప్పమనండి. ఏడాది చివర అప్రైజల్ ఫారంలో మార్కులు వేస్తే ఈ పిల్లలకు ఏమీ తెలియదు. స్కూలు నుంచి ప్రతి వారం టెస్టులు రాస్తూ, తానెక్కడున్నాడో ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ పెరిగినవాళ్ళు వీళ్ళు. చెప్పకపోతే బాగా చేస్తున్నామనీ అనుకోరు, చెడ్డగా చేస్తున్నామనీ అనుకోరు, మీకు పట్టలేదనుకుంటారు. మెచ్చుకోలు మాత్రం ఈ పది నిమిషాల కోసం దాచకండి, కౌంటర్ దగ్గరే, కస్టమర్ వింటుండగానే అనేయండి.

పైనుంచి వచ్చే ఒత్తిడి గురించి మీరు ఎక్కువ రాయలేదు గానీ అసలు ముడి అక్కడే ఉందని నా అనుమానం. సాయంత్రం ఏడింటికి వీడియో కాన్ఫరెన్స్‌లో పడిన మాటలు ఏడున్నరకి గ్రూప్‌లో పెట్టే అలవాటు ఉంటే ఈ రోజుతో మానండి. రాత్రికి అవి మీ దగ్గరే ఉండనివ్వండి. పొద్దున్నే అందులోంచి పనికొచ్చేవి రెండు తీసుకుని, ఎవరు ఏది చేయాలో చెప్పండి, మిగతాది చెత్తబుట్టలోకి. మీరు పైవాళ్ళకూ వాళ్ళకూ మధ్య నిలబడుతున్నారని ఆ నలుగురికీ ఒక్కసారి తెలిసిందంటే, మీ మాటకు వచ్చే బరువు వేరు. అవసరమైతే రీజనల్ మేనేజర్ గారికి కూడా మెయిల్ పెట్టండి, ఇంత స్టాఫ్‌తో ఇన్ని కాదు ఇన్ని అవుతాయని, ఏవి ముందు చేయమంటారని. ఆ కుర్రాడు మీకు నేర్పింది మీక్కూడా పనికొస్తుంది.

ఇవన్నీ చేసినా నలుగురిలో ఒకరు మారకపోవచ్చు. ప్రతి బ్యాచ్‌లో పని తప్పించుకునేవాళ్ళు ఉంటారు, మీ బ్యాచ్‌లోనూ ఉన్నారు. రెండుసార్లు విడిగా చెప్పండి, ఏ తేదీన ఏం చెప్పారో రాసి పెట్టుకోండి. మూడోసారి మెమో ఇవ్వండి, మొహమాటపడకండి. కాకపోతే అందులో "ఈ తరం వాళ్ళు", "పెద్దల పట్ల గౌరవం లేకుండా" లాంటి మాటలు రాయొద్దు. ఏ రోజు, ఏ పని, దాని వల్ల ఎవరికి ఏ నష్టం జరిగింది, అంతవరకే రాసి వివరణకు టైమ్ ఇవ్వండి.